మిరుగానికి లేపాల్సిన నావ

పెద్దపల్లిలో సముద్ర పురావస్తు శాస్త్రం చదివింది నేనొక్కదాన్నే. గొప్పకు చెప్పడం లేదు. మా ఊరి నుంచి సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవాలి కాబట్టి ఈ చదువులో నాకు పోటీ లేదు. మా అవ్వ చుట్టాల దగ్గర నన్ను "పాత పడవల డాక్టరు" అని చెప్పుకునేది. అందులో డాక్టరు అన్న ముక్క ఒక్కటే పట్టుకుని మా మేనమామ ఒక పెళ్ళిలో నాకు తన మోకాలు చూపించాడు. వేన్నీళ్ళ కాపడం పెట్టుకోమన్నాను. తగ్గిందని తర్వాత కబురు చేశాడు.

నాకు ఈత రాదు. ఈత రాకుండా ఆ చదువెలా చదివావని ఇప్పటికీ అడుగుతారు. నీళ్ళలోకి దిగేవాళ్ళు వేరే ఉంటారు. వాళ్ళు పైకి తెచ్చిన కర్ర ముక్కలు, మేకులు, తాళ్ళు, లంగరు రాళ్ళు చూసి అవి ఎప్పటివో, ఏం పని చేశాయో చెప్పేవాళ్ళు ఒడ్డున ఉంటారు. నేను ఒడ్డున ఉండే రకం. రెండేళ్ళు సముద్రం ఒడ్డున కూర్చుని చదివి, మోకాళ్ళు దాటి తడవకుండా పట్టా తెచ్చుకున్నాను.

ఆ తర్వాత కరీంనగర్‌లో పాత వస్తువుల సంగతి చూసే ఒక సర్కారు ఆఫీసులో కాంట్రాక్టు మీద చేరాను. పొలాల్లో నాగలికి తగిలిన వీరగల్లులు, తలలు పోయిన నందులు, ఎవరివో తెలియని దేవతలు. కొలిచి, ఫొటో తీసి, నంబరు వేసి, మళ్ళీ ఆ పొలంలోనే వదిలేసి రావడం నా పని. ప్రతి యేడూ కాంట్రాక్టు పొడిగించే కాగితంలో ఒక గడి ఉండేది: ప్రత్యేక అర్హత వినియోగం. అందులో నేను ప్రతి యేడూ "అవకాశం రాలేదు" అని రాసేదాన్ని. నాలుగోసారి రాసినప్పుడు మా పెద్దసారు కళ్ళద్దాలు తీసి పక్కన పెట్టాడు. "వచ్చే యేడు గూడ గిదే రాస్తే పైన అడుగుతరమ్మా. పడవల మనిషిని నందులకు ఎందుకు పెట్టినరంటరు" అన్నాడు. ఆయన మంచివాడే. అడిగే మాట కూడా న్యాయమైనదే.

కాబట్టి వైశాఖంలో ఒకరోజు పొద్దున ఖానాపూర్ దిక్కు నుంచి ఫోను వచ్చి, గోదావరిలో ఇసుక తీస్తుంటే ట్రాక్టరు బకెట్టుకు నావ తగిలిందని చెప్పినప్పుడు నేను రెండో మాట అడగలేదు. మూడు బస్సులు మారి మధ్యాహ్నానికి అక్కడున్నాను. ఏరు అవతలి ఒడ్డున సన్నటి పాయగా మిగిలింది. ఇవతలంతా ఇసుక. మధ్యలో ఒక గుంత, గుంతలో నల్లగా నావ కొస, చుట్టూ ఊరి జనం. ట్రాక్టరు మనిషి మాత్రం నావ వైపు వీపు పెట్టి నిలబడ్డాడు. పని ఆగిపోయిందని ఆయన బాధ.

ఒకే మానును తొలిచి చేసిన దోనె అది. మా దిక్కు చిన్నదైనా పెద్దదైనా నావ అనే అంటారు. ఇసుకలో తేలిన అంచు వెంట నడిచి చూస్తే నా అడుగులతో పదకొండు అడుగుల పొడవు. టేకు అనుకున్నాను. కొసన ఇసుక చేత్తో తోసి చూస్తే లోపల రాళ్ళు కనబడ్డాయి. అక్కడే నాకు మతి పోయింది.

సముద్రం మీద తిరిగే ఓడలు సరుకు లేనప్పుడు ఒరిగిపోకుండా అడుగున బరువుకు రాళ్ళు వేసుకుంటాయి. మా చదువులో దానికొక పాఠమే ఉంది. ఓడ మునిగి చెక్కలన్నీ పురుగు తిన్నా ఆ రాళ్ళ కుప్ప మిగులుతుంది, దాన్ని బట్టే ఓడ ఎక్కడ మునిగిందో పట్టుకుంటారు. నేను పరీక్షలో మంచి మార్కులు తెచ్చుకున్న పాఠం అది. నలుగురు మనుషులను ఏరు దాటించే దోనెకు అడుగు బరువు దేనికన్న ప్రశ్న నాకు రాలేదు. వచ్చినా తోసేసేదాన్నేమో. ఆ సాయంత్రమే రిపోర్టు పంపాను: అడుగు బరువుతో ప్రయాణిస్తూ మునిగిపోయిన, బహుశా ప్రాచీనమైన నావ.

పెద్దసారు వెంటనే ఫోను చేశాడు.

"ఎంత పాతదుంటదమ్మా?"

"ఇంక చూడాలె సార్."

"వెయ్యేండ్లు ఉంటదా?"

"వెయ్యేండ్లు ఉండొచ్చు సార్."

ఉండొచ్చు అన్న మాటలో అబద్ధం లేదు. నావ చూడటానికి వచ్చి పక్కనే నిలబడ్డ విలేకరి దాన్ని విని, ఉండొచ్చును తీసేసి, మర్నాడు పేపర్లో "గోదావరిలో వెయ్యేళ్ళ ఓడ" అని వేశాడు. దోనె కాస్తా ఓడ అయింది. పదింటికల్లా జనం కొబ్బరికాయలతో వచ్చారు. ఎవరో నేను చూడకుండా నావ కొసకు పసుపు పూసి బొట్టు పెట్టి పోయారు. రిజిస్టరులో "పసుపు, ఆధునికం" అని రాసుకున్నాను.

నా పెద్ద పని నావను ఎండనివ్వకుండా చూడటం. యేళ్ళ తరబడి నీళ్ళలో, తడి ఇసుకలో ఉన్న కర్రకు గాలి తగిలి ఎండితే నెర్రెలు విచ్చి, ముడుచుకుని, ముట్టుకుంటే రాలిపోతుంది. పైన నలభై నాలుగు డిగ్రీల ఎండ. నీడకు తాటిపత్రి పట్టా కట్టించి, నావ మీద గోనె సంచులు కప్పి, అయిదుగురు కూలి ఆడవాళ్ళను పెట్టి అరగంటకోసారి బిందెలతో నీళ్ళు పోయించాను. కర్రకు నీళ్ళు పోసే కూలి వాళ్ళు ఇంతకు ముందు చేయలేదు. "మొలకెత్తుతదా మేడం" అని ఒకామె అడిగింది. మిగతావాళ్ళు బిందెలు దించి మరీ నవ్వారు.

ముసలామె వచ్చింది రెండో రోజు. డెబ్బై దాటి ఉంటుంది. మెడలో నల్లపూసలు, పుస్తెలు, నుదుట పెద్ద బొట్టు. కొబ్బరికాయ లేదు. గుంత అంచున గొంతుక్కూర్చుని చాలాసేపు చూసింది. తర్వాత నన్ను పిలిచింది.

"గీ నావ మునిగిందా బిడ్డా, ముంచిండ్రా?"

"మునిగింది అవ్వా" అన్నాను. రిపోర్టులో అప్పటికే రాసేశాను మరి.

"మా ఆయన గూడ ఒక నావను ముంచి పెట్టిండు. దొరకలే" అంది.

చెప్పమన్నాను. నిజానికి సంచులు ఎండుతున్నాయి, త్వరగా చెబితే బాగుండునని ఉంది. వాళ్ళది బెస్త ఇల్లు. ఇవతలి ఆదిలాబాద్ ఒడ్డు నుంచి అవతలి కరీంనగర్ ఒడ్డుకు జనాన్ని దాటించడం ఆయన పని. వాళ్ళ బిడ్డ ఇంకా పాకుతున్న రోజుల్లో, ఉగాది అయిన పదిహేను రోజులకు, ఆయన నావను ముంచి వచ్చానని చెప్పి, బీడీల ఆకు కోతకని మహారాష్ట్రలో చాందా దిక్కు అడవులకు వెళ్ళాడు. తునికాకు కోత నెలన్నర పని. మళ్ళీ రాలేదు. వానలు పడ్డాక ఇంటివాళ్ళు నావ కోసం మడుగులో గడకర్రలు గుచ్చి వెతికారు. నావ లేదు.

"అమ్ముకొని పోయిండన్నరు. చాందాల ఇంకో సంసారం పెట్టిండన్నరు. నేను ముంచిండనే అన్న. శాన యేండ్లు అన్న. తర్వాత నాకే అనుమానమొచ్చింది." ఆమె నావ వైపు చూసింది. "నాకు గదొక్కటి తెల్వాలె బిడ్డా. అమ్మిండా, ముంచిండా."

ముంచి పెట్టడం అంటే ఏమిటో నేను అడగలేదు. అడగాల్సిన మాట అదొక్కటే. "అవ్వా, గిది శాన పాతది. మీ కాలంది కాదు" అన్నాను. పేపరు కూడా చూపించాను. ఆమెకు చదువు రాదు. పేపరును మర్యాదగా పట్టుకుని తిరిగి ఇచ్చేసింది.

సాయంత్రం ఆమె మరిది వచ్చాడు, ఆమెను ఇంటికి తీసుకుపోవడానికి. ఆయనా డెబ్బై దగ్గర మనిషి. నాకు వినబడేలా నిదానంగా చెప్పాడు. "వదినెది ఆశ మేడం. మేము మడుగంత గుచ్చి చూసినం. మా నావలు ఎప్పుడు గా కింది మడుగులనే ముంచుతం. గీ జాగల ఎన్నడు పెట్టలే. మా అన్న అమ్ముకున్నడు. కులం పెద్దల ముంగట నేనే చెప్పిన గా మాట." తర్వాత ఆమెతో, "పా వదినె, ఎండ దెబ్బ తాకుతది" అన్నాడు. అప్పటికి ఎండ పోయి చాలాసేపయింది. ఆమె లేచి ఆయన వెనక నడిచింది.

మర్నాడు మళ్ళీ వచ్చింది. ఈసారి బిందె తెచ్చుకుంది. కూలి వద్దని, వాళ్ళతోపాటు నావకు నీళ్ళు పోయడం మొదలుపెట్టింది. ఆమె పోసే పద్ధతి వేరు. మిగతావాళ్ళు గుమ్మరిస్తే ఆమె కొస నుంచి కొసకు సన్నటి ధారగా, ఒక్క చోటూ పొడిగా మిగలకుండా పోసేది. నేను వాళ్ళకు మూడు రోజులుగా నేర్పుతున్నది అదే. ఎక్కడ నేర్చుకుందని నాకు తట్టలేదు. పెద్దమనిషి, ఓపిక ఎక్కువ అనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే నాకు రేకు కనబడింది. నావ పక్క గోడకు లోపలివైపు ఇసుక కడుగుతుంటే అరచేయంత తగరం రేకు, చుట్టూ చిన్న మేకులు. నెర్రె ఇచ్చిన చోట మాటు వేశారు. తుప్పు గోరుతో గీకితే కింద కొంచెం పచ్చరంగు, సగం ఇంగ్లీషు అక్షరం బయటపడ్డాయి. వనస్పతి డబ్బా రేకు. మా ఇంట్లో బియ్యం కొలిచే డబ్బా కూడా అలాంటిదే. ఈ ఒక్కదాని వయసు చెప్పడానికి నాకు పుస్తకాలు అక్కర్లేదు.

కోపం వచ్చింది. రేకు మీద, ఆ మాటు వేసిన మనిషి మీద, విలేకరి మీద, పెద్దసారు మీద వరసగా వచ్చింది. నా మీద అన్నిటికన్నా చివర వచ్చింది. రేకు మీద తడి సంచి కప్పి, ఎవరికీ చెప్పకుండా గదికి వెళ్ళిపోయాను. వెయ్యేళ్ళ నావకు తర్వాతి కాలం వాళ్ళు ఎవరైనా మాటు వేసి ఉండొచ్చు కదా అని ఒక వాక్యం కూడా తయారు చేసుకున్నాను. వాక్యం బాగానే కుదిరింది. దాన్ని నమ్మేవాళ్ళు ఎవరన్నా ఉంటే అది నేనే.

నాలుగో రోజు కూలివాళ్ళు అన్నాలకు పోయినప్పుడు నేను, ముసలామె మాత్రమే ఉన్నాం. ఆమె నీళ్ళు పోస్తూ అడిగింది.

"మీరెందుకు పోస్తరు బిడ్డా నీళ్ళు?"

నేను పాఠం చెప్పాను. కర్ర నీళ్ళలో ఉన్నంత కాలం ఏమీ కాదనీ, ఎండితేనే చెడిపోతుందనీ, పెద్ద పెద్ద దేశాల్లో ఇందుకోసం తొట్లు కట్టి మందు నీళ్ళలో యేళ్ళకు యేళ్ళు ఉంచుతారనీ చెప్పాను. ఆమె అంతా విన్నది.

"మరి గందుకే గదా ముంచేది" అంది.

"ఏంది అవ్వా?"

"ఎండకాలం ఏటిల నీళ్ళుండయి. జనం ఇసుకల నడిచే పోతరు. నావతోని పని లేదు. ఒడ్డు మీద పెడితే ఎండకు నెర్రెలిస్తది. గందుకని లోతు మడుగు చూసి ముంచి పెడుతరు. తేలకుంట రాళ్ళు పెడుతరు. మిరుగానికి రాళ్ళు తీసి లేపుతరు." జూన్ మొదట్లో వచ్చే మృగశిర కార్తెను మా దిక్కు మిరుగం అంటారు. వానాకాలం అక్కడి నుంచి లెక్క. "మా మామ గట్లనే చేసిండు. మా ఆయన గట్లనే చేసిండు. నీళ్ళు పోసుడు గూడ గట్లనే. లేపినంక నాలుగు దినాలు తడుపుతనే ఉండాలె. గది ఆడోళ్ళ పని."

నేను తాటిపత్రి కింద కూర్చుని గ్రాఫు కాగితం విప్పాను. పైకి కనబడే రాళ్ళన్నిటినీ నా చేత్తో నేనే గీసిన బొమ్మ అది. పెద్ద రాళ్ళు రెండు కొసలకూ సమానంగా, చిన్నవి మధ్యలో. ఒక్క రాయీ ఒరగలేదు. ఒక్కటీ నావ బయట పడలేదు. కనబడిన చోటల్లా రాయికీ కర్రకూ మధ్య గోనె గుడ్డ ఉంది. అది కూడా గీశాను, పక్కన "నార" అని రాశాను. వరదలో మునిగిన నావలో రాళ్ళు అంత బుద్ధిగా ఉండవు. ఎవరో నీళ్ళలో నడుము లోతున నిలబడి, ఒక్కో రాయీ కర్రకు గీత పడకుండా దింపిన వరస అది. నావను కాపాడాలని నాలుగు రోజులుగా నీళ్ళు పోయిస్తూ, అదే నావను కాపాడాలనే ఇంకొకాయన నీళ్ళలో పెట్టాడని తెలుసుకోలేకపోయాను. అంత సిగ్గు నాకు అంతకు ముందు ఎప్పుడూ కలగలేదు.

రేకు మీది సంచి తీసి ఆమెకు చూపించాను. రేకును వేలితో తడిమింది కానీ గుర్తుపట్టలేదు.

"రేకు మాటు అందరేస్తరు బిడ్డా. గది గుర్తు కాదు. అడుగున నా జాలారు బండ ఉంటే ఆయనది. లేకుంటే కాదు" అంది.

జాలారు అంటే ఇంటి వెనక స్నానాలు చేసే చోటు. అక్కడ పరిచిన బండను ఆయన ఆ యేడు బరువుకని పెకిలించుకుపోయాడట. కాళ్ళకు బురదవుతుందని ఈమె కొట్లాడింది. మిరుగానికి తెస్తానన్నాడు. నావ దొరకనప్పుడు ఈమె బండ సంగతి కూడా చెప్పింది. బండను సైతం అమ్ముకున్నాడని ఊళ్ళో అనుకున్నారు.

"మా మరిదిని పిలుస్త. ఆయన ముంగటనే తియ్యి" అంది.

అయిదో రోజు పొద్దున ఆయన వచ్చాడు. రాళ్ళు ఊరికే తీయకూడదు, ఒక్కోదానికి నంబరు వేసి, ఫొటో తీసి, కొలిచి తీయాలి. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు, అయినా చెప్పాను. "ఏసుకో" అంది ఆమె. అన్నేళ్ళు ఆగిన మనిషి ముందు కూర్చుని నేను రాళ్ళకు సున్నంతో నంబర్లు వేశాను. మరిది మొదట నిలబడి చూశాడు. అయిదో రాయికి గుంతలోకి దిగాడు. పదో రాయికి నా చేతిలోంచి రాళ్ళు ఆయనే అందుకోవడం మొదలుపెట్టాడు. రాయి పట్టుకోవడంలోనే తెలుస్తోంది, ఈ పని ఆయన చేతులకు కొత్త కాదు. గోనె గుడ్డ కనబడిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగేవాడు.

ఇరవై మూడో నంబరు రాయి కాదు, బండ. అన్నిటికన్నా అడుగున, నావ నడిమధ్యన, నున్నటి ముఖం కిందికి పెట్టి ఉంది. కింద గోనె రెండు మడతలు. ఒక మూల విరిగిపోయింది. మరిది దాన్ని లేపి, తిప్పి, ఇసుక మీద పెట్టాడు. ముసలామె లేచి వచ్చి, చెప్పులు విడిచి, బండ మీద కాలు పెట్టింది. రెండో కాలు కూడా పెట్టింది. కాసేపు అలాగే నిలబడింది.

"గిదే" అంది.

మరిది ఇసుకలో కూర్చున్నాడు. "కింది మడుగుల నీళ్ళు తక్కువుండె గా యేడు. గప్పుడు గీడ మీది మడుగుండె, గీడికి తెచ్చి పెట్టిండు. ఒక్కడే తెచ్చిండు" అని తనలో తాను అనుకున్నాడు. తర్వాత తలెత్తకుండానే అన్నాడు. "గంత మందిల అన్న వదినె. అమ్ముకున్నడని."

"అన్నవ్" అంది ఆమె.

నేను సంతోషపడ్డాను. ఆమె కూడా సంతోషపడుతుందని ఎదురుచూశాను. ఆమె అడిగింది నావ చెప్పింది. ఆయన అమ్మలేదు, వదిలి పోలేదు, తిరిగి వచ్చే మనిషిలాగా ముంచి వెళ్ళాడు. ఇంతకన్నా స్పష్టమైన రుజువు నా చదువులో ఎప్పుడూ చూడలేదు. ఆమె బండ మీద నుంచి దిగి, దాని పక్కనే కూర్చుంది.

"గట్లయితే మిరుగానికి రావాలె గదా బిడ్డా" అంది నాతో. "రాలేదంటే లేడన్నట్టు. ఇన్నేండ్లు ఏడనో ఉన్నడనుకున్న. ఎవలితోనో ఉన్నడనుకున్న. కోపముండె. ముసలోడై ఎప్పటికన్న వస్తే తిడుదామనుకున్న. ఇగ గా కోపం గూడ లేకపాయె."

అప్పుడు చూశాను ఆమె మెడలో పుస్తెలను మళ్ళీ. ఆయన వదిలి పోయాడన్నంత కాలం అవి ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది. కొలత టేపు చుట్టే నెపంతో అటు తిరిగాను. నా దగ్గరున్న టేపు బటన్ నొక్కితే దానంతట అదే చుట్టుకుపోయేది, కాబట్టి ఎక్కువసేపు తిరగడానికి వీల్లేకపోయింది.

"మీ అన్నకు దినం చెయ్యి" అంది మరిదితో. ఆయన తలూపాడు.

సాయంత్రం పెద్దసారుకు ఫోను చేసి నావ యాభై చిల్లర యేళ్ళదని చెప్పాను.

"వెయ్యి లేవా?"

"లేవు సార్. నేనే తప్పు రాసిన. మునిగింది గాదు. ఎండకాలానికి ముంచి పెట్టిండ్రు. ఏటి మీద నావలు నడిపేటోళ్ళ పద్ధతి సార్ అది. ఎక్కడ రాసి లేదు."

"పద్ధతిని మ్యూజియంల ఎట్ల పెడుతమమ్మా" అన్నాడు. ఆయన అడిగింది నిజమే. నావను తీసుకురావద్దనీ, తిరిగి వచ్చేయమనీ చెప్పాడు. కాంట్రాక్టు మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నావను ఇసుకలో వదిలేస్తే వారంలో పుల్లలవుతుంది. మరిదీ, వాళ్ళ కులపోళ్ళూ పదిమంది వచ్చి కింది మడుగుకు మోసుకెళ్ళి, నంబర్లు వేసిన రాళ్ళే పెట్టి మళ్ళీ ముంచారు. బండ ఒక్కటి తప్ప. దాన్ని ముసలామె ఇంటికి పంపించాను. రిపోర్టులో పరిరక్షణ చర్య అన్న చోట "స్థానిక పద్ధతిలో నీట ఉంచడమైనది" అని రాశాను. దాని మీద ఎవరూ ప్రశ్న వేయలేదు.

నేను బయల్దేరే రోజు పొద్దున ఆమె, మరిది నా గదికి వచ్చారు. దినం ఇంకా కాలేదు, గుండు చేయించుకోని ఆయన తల మీద వెంట్రుకలు అలాగే ఉన్నాయి. కర్మకు అయ్యగారు తిథి అడిగారట. శవం లేకపోయినా దర్భలతో బొమ్మ చేసి జరిపిస్తాను గానీ పోయిన రోజు ఏదో ఒకటి చెప్పమన్నారట. తెలియకపోతే అమావాస్య పెట్టుకోండి, అందరూ అలాగే చేస్తారన్నారు. ఈమె ఒప్పుకోలేదు.

"తెల్వనోళ్ళందరు అమాసకే పోతరా" అంది. "నువ్వు ఎప్పటియెప్పటివో చెప్తవు గదా బిడ్డా. ఆయన ఎన్నడు పోయిండో రాసియ్యి."

రాళ్ళకూ కర్రకూ తప్ప మనుషులకు నేను తేదీ చెప్పనని అనాల్సింది. అనలేకపోయాను. మంచం మీద కూర్చోబెట్టి, తెలిసింది తెలిసినట్టు చెప్పాను. ఉగాది అయిన పదిహేను రోజులకు ఇంటి నుంచి వెళ్ళాడు, అది ఒక హద్దు. బతికి ఉంటే మిరుగానికి నావ లేపడానికి వచ్చేవాడు, అది రెండో హద్దు. ఆ మధ్యలో ఏ రోజన్నది నావ చెప్పదు, ఎవరూ చెప్పలేరు. మిరుగం దాటలేదని మాత్రం నమ్మకంగా చెప్పగలను. ఆమెకు అర్థమైంది. వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది.

"గా కడపటి దినమే రాయి. ఎన్ని దినాలు బతికి ఉండొచ్చునో గన్ని దినాలు ఉండనియ్యి" అంది.

రిజిస్టరు నుంచి ఒక కాగితం చింపి, ఆయన పేరు, ఆమె చెప్పిన యేడు రాసి, మృగశిర కార్తె మొదటి రోజు అని రాశాను. బహుశా అని రాయలేదు. కింద సంతకం పెట్టాను. మరిది కాగితం తీసుకుని ఒక్కో మాటా కూడబలుక్కుని ఆమెకు చదివి వినిపించాడు. ఆమె కళ్ళు మూసుకుని విన్నది. చివరికి వచ్చేసరికి తల అడ్డంగా ఊపింది.

"మిరుగం నాడు వద్దు బిడ్డా" అంది. "గానాడు ఆయనకు నావ లేపే పని ఉంటది. గంతకు ముందటి దినం రాయి."

కాగితం వెనక్కి తీసుకుని, రాసింది కొట్టేసి, ముందటి రోజు రాశాను.